పోనీలెండి, ప్రేమ కొద్దీ చేసింది

ఈ మాట అన్నది నేను. ముప్ఫై ఏళ్ళు దాటింది. విన్నవాళ్ళంతా నన్ను మెచ్చుకున్నారు. ఎంత మంచి మనసమ్మా నీది, ఆడపడుచుని ఇట్లా వెనకేసుకొచ్చే వదిన ఎక్కడుంటుంది అన్నారు. ఆ మెప్పుని తలొంచుకుని పుచ్చుకున్నాను. అప్పట్నుంచీ మోస్తున్నాను. బరువు, బరువు అని ఊరికే అంటారనుకునేదాన్ని. నిజంగానే బరువు. మెడ కింద, భుజాల మధ్య ఉంటుంది. డాక్టరుకి చూపిస్తే ఎముక అరిగిందన్నాడు. సరేనని మాత్రలు తెచ్చుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెబితే ముందు నన్ను ఓదారుస్తారు. అప్పుడు నీ పరిస్థితి అట్లాంటిది, నువ్వు మాత్రం ఏం చేస్తావులే అంటారు. ఆ మాట నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఇంకొకరు చెప్పక్కర్లేదు.

మాది చిలకలూరిపేట పక్క పల్లె. నల్లరేగడి భూములు, పత్తి, మిరప. మా ఆయన వ్యవసాయం చేసేవారు. నేను గుంటూరులో ఇంటర్ దాకా చదివి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. వీధిలో ఆ మాత్రం చదివిన ఆడది నేనొక్కదాన్నే. అది నాకు బాగా తెలుసు, ఎదుటివాళ్ళకి తెలియకపోతే తెలిసేలా చేసేదాన్ని. శుక్రవారం గుమ్మడికాయ కట్టినా, పసిపిల్లకి నల్లచుక్క పెట్టినా నవ్వేదాన్ని. అత్తమామలు అప్పటికే లేరు కాబట్టి నన్ను అడిగేవాళ్ళూ లేరు.

ఎనభైల చివర్లో మా ఆయనకి జబ్బు చేసింది. పొద్దున్నే పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం. తొడల మీద ఎవరో కర్రతో కొట్టినట్టు నల్లటి మచ్చలు. పత్తికి మందు కొట్టొచ్చి అరుగు మీద కూలబడితే లేవలేకపోయేవారు. గుంటూరులో చూపిస్తే వాళ్ళు మద్రాసు పంపారు, మద్రాసు వాళ్ళు ఇంకా అవతలికి పంపారు. ఎముకల్లో మూలుగ ఎండిపోయింది, రక్తం పుట్టటం లేదన్నారు. పురుగుమందుల వల్లేనా అని అడిగాను. కావచ్చు, కాకపోవచ్చు అన్నారు. తోడబుట్టినవాళ్ళ మూలుగ సరిపడితే ఎక్కించవచ్చు, మన దేశంలో ఇది ఇంకా కొత్త, ఆశ పెట్టుకోవచ్చు గానీ మాట ఇవ్వలేం అన్నారు.

ఆయనకి తోడబుట్టింది ఒక్కతే, చెల్లెలు కోటమ్మ. కనిగిరి అవతల మెట్ట ఊళ్ళో కాపురం. ఇద్దరు ఆడపిల్లలు. కబురు పంపితే ఎవరినీ అడక్కుండా బస్సెక్కి వచ్చేసింది. ఎముకలో మూలుగ తీస్తే ఆడది మళ్ళీ వంగి పని చేసిద్దా అని ఆమె అత్తగారు గోల పెట్టిందట. పోతే పో, మళ్ళీ రామాక అని మొగుడు అన్నాడట. కోటమ్మ ఈ సంగతులు నాకు నవ్వుతూ చెప్పింది. ఆమె మూలుగ సరిపోయింది. తుంటి ఎముకల్లో సూదులు గుచ్చి తీశారు. తర్వాత చాన్నాళ్ళు కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చునేది. అడిగితే, ఏం లేదొదినా, నాట్లేసిన రోజు ఇంతకన్నా నొప్పెడద్ది అనేది.

ఎక్కించారు. కుదురుకుంది. దాని గురించి చెప్పటానికి నా దగ్గర పెద్దగా మాటల్లేవు. అద్దాల గదిలో ఆయన, బయట నేను. నోరంతా పుండ్లు పడి నీళ్ళు కూడా మింగలేక ఆయన గోడ వైపు తిరిగి పడుకుంటే అద్దంలోంచి వీపు చూస్తూ నిలబడేదాన్ని. అది అసలు కష్టమని అప్పుడు అనుకున్నాను. కాదు. అక్కడ చూసుకోవటానికి డాక్టర్లున్నారు, నర్సులున్నారు. అసలు కష్టం ఇంటికి పంపాక మొదలైంది.

ఇల్లంటే మా ఇల్లు కాదు. మా ఊళ్ళో అప్పుడు మిరపకోతలు. కల్లాల నిండా కాయలు, గాలి నిండా ఘాటు, దుమ్ము. ఆ ఊపిరితిత్తులతో అక్కడ ఉంచితే మనిషి దక్కడన్నారు. చీరాలలో సముద్రానికి దగ్గరగా రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకున్నాం. ఐదేళ్ళ మా అమ్మాయిని మా అమ్మ దగ్గర వదిలాను. లోపలి గది ఆయనది. ఆ గదిలోకి నేను తప్ప ఎవరూ పోకూడదు. నేనైనా స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని పోవాలి. నీళ్ళు కాచి చల్లార్చాలి. గిన్నెలు మరిగే నీళ్ళలో వెయ్యాలి. పచ్చి కూర ముక్క, పండు, పెరుగు ఏదీ పనికిరాదు. చుట్టాలు వస్తే కిటికీ బయటి నుంచే పలకరించాలి. ఒక మందు ఉండేది, నూనెలా జిడ్డుగా, వాసనకే వాంతి వచ్చేలా ఉండేది. దాన్ని పాలలో కలిపి గాజు గ్లాసులోనే ఇవ్వాలి. ఆ మందుకి ఆయన చేతులు వణికేవి. కనుబొమలు గుబురుగా పెరిగాయి. అద్దం చూసుకుని, ఇదెవరు అనేవారు.

వంట, బజారు పని కోటమ్మ చూసేది. ఆమె మొగుడు మళ్ళీ రామాకన్న మాట గుర్తుండి కూడా, పత్తి ఏరేవేళ పిల్లల్ని అత్తగారి మీద వదిలి, మాకోసం ఉండిపోయింది. వీధి గదిలో నులకమంచం మీద పడుకునేది.

ఇప్పుడు నేను చెప్పేది నాకు మంచి పేరు తెచ్చేది కాదు. నేను అలిసిపోయాను. అలిసిపోవటం అంటే నిద్ర చాలకపోవటం అని నేనూ అనుకునేదాన్ని. అది వేరు. మనిషి మీద ప్రేమ ఉంటుంది, కానీ ఆ మనిషి గొంతు వింటే ఒళ్ళు మండుతుంది. గ్లాసు పెట్టిన చప్పుడికి విసుక్కునేవారు. కూర చప్పిడిగా ఉందని కంచం తోసేసేవారు. నేను మళ్ళీ స్నానం చేసి, మళ్ళీ చీర మార్చుకుని, మళ్ళీ వండించి తెచ్చేదాన్ని. నాతో మాట్లాడితే మందు, నీళ్ళు, దుప్పటి. కోటమ్మ కిటికీ దగ్గరికి వచ్చి, అన్నయ్యా ఇవాళేం తిన్నావ్ అంటే చాలు, ముఖం విప్పారేది. వచ్చిన ప్రతి చుట్టమూ కిటికీలోంచి చూసి ఒకటే మాట. నీకు ప్రాణం పోసిందిరా నీ చెల్లెలు. నీ ఒంట్లో పారేది అంతా దాని నెత్తురేరా. నిజమే కదా. అందులో అబద్ధమేముంది? కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నేను ఆయన దుప్పటి మరిగే నీళ్ళలో ముంచుతూ ఉండేదాన్ని. నా చేతుల తోలు ఊడిపోయింది. ఎవరూ ఆ చేతుల వంక చూడలేదు. చూడమని నేనడగలేదు, అది నా పొగరు.

కోటమ్మకి నమ్మకాలు ఎక్కువ. ఆసుపత్రిలో ఉండగానే ఆయన మంచానికి నల్లతాడు కట్టింది. నేను కత్తెర తెచ్చి, అందరిముందూ కత్తిరించి చెత్తబుట్టలో వేశాను. నర్సులు నవ్వారు. డాక్టరు నన్ను చూసి, మీ వంటివాళ్ళుంటే మాకు సగం పని తగ్గుతుంది అన్నాడు. కోటమ్మ ముఖం చిన్నబోయింది. కానీ కోపం తెచ్చుకోలేదు. నువ్వొద్దంటే చెయ్యనొదినా, నాకేం తెలుసు అంది. ఆ తర్వాత తను ఇంకేమీ చెయ్యలేదు. విభూతి పొట్లం కూడా తన సంచిలోనే ఉంచుకుంది. ఆ మాట నిలబెట్టుకుందని నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు.

ఆ రోజు ఆయన మేనమామ కొడుకు మా ఊరి నుంచి వచ్చాడు. కిటికీ ఊచలు పట్టుకుని, "ఏరా బావా, చచ్చి బతికినోడివి, కొత్తల్లుడిలా నిగనిగలాడతన్నావే! అంతా మా కోటమ్మ చలవ" అన్నాడు. ఆయన నవ్వారు. జబ్బు చేశాక అంత గట్టిగా నవ్వటం అదే మొదలు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నానికి ఆయన అన్నం ముట్టలేదు. మందు తాగింది కక్కేశారు. నుదురు ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. దుప్పటి ముసుగు పెట్టుకుని గోడ వైపు తిరిగి మగతగా పడుకున్నారు. జ్వరం వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఫోన్ చెయ్యమని డాక్టరు నాకు పదిసార్లు చెప్పాడు. జ్వరమంటే ఏమిటో, అది దేనికి మొదలో నాకు తెలుసు. ఫోనున్న పోస్టాఫీసు వీధి చివరే ఉంది. నేను పోస్టాఫీసుకి పోలేదు. కోటమ్మ కూరలకి బజారుకెళ్ళింది. నేను వంటింట్లోకి వెళ్ళాను.

నా చేతులు ఏం చేస్తున్నాయో నాకు తెలుస్తూనే ఉంది. రాళ్ళుప్పు తీసుకున్నాను. కోటమ్మ వచ్చేటప్పుడు తన చేలోంచి తెచ్చిన ఎండుమిరపకాయలు, తొడిమలతో సహా, గుప్పెడు తీసుకున్నాను. వెళ్ళి ఆయన చుట్టూ తిప్పాను. చిన్నప్పుడు మా నాయనమ్మ నాకు తీసినట్టే. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊళ్ళో వాళ్ళ దిష్టి. పైకి వినపడకుండా, పెదవుల మధ్యే, అదే వరసలో వచ్చేసింది. చివర కోటమ్మ దిష్టి అన్నాను. అంతకుముందు ఆ మాట నా మనసులో ఉన్నట్టు నాకు తెలియదు. ఉందేమో. ఉండబట్టే వచ్చిందేమో. ప్రాణమిచ్చిన మనిషి కళ్ళు తగిలాయని, ఇంటర్ చదివిన దాన్ని, నల్లతాడు కత్తిరించిన దాన్ని, నేనే అనుకున్నాను.

నీళ్ళు కాచే బొగ్గుల కుంపటి తెచ్చి ఆయన గది గడప మీద పెట్టాను. కాయలు నిప్పుల్లో వేశాను. మేనమామ కొడుకు వెళ్ళగానే కిటికీలు మూసేశాను, బయటి గాలి తగలకూడదు కదా. ఘాటు రాలేదు. మా వైపు ఒక లెక్క ఉంది, దిష్టి తీసిన మిరపకాయలు కాలినప్పుడు కోరు, ఆ ఘాటు, రాకపోతే దిష్టి అంత గట్టిగా ఉన్నట్టు. నాకు సంతోషం వేసింది. చూశావా, ఇదన్నమాట కారణం, జ్వరం కాదు, ఇన్ఫెక్షన్ కాదు, ఇంత మామూలు సంగతి, ఇప్పుడే పోతుంది అనుకున్నాను. పూర్తిగా పోవాలని ఇంకో గుప్పెడు తెచ్చి వేశాను. అది కూడా నల్లబడుతూ ఉంటే చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు వచ్చింది. ఒక్కసారిగా. నా కళ్ళు మూతలుపడ్డాయి, గొంతు పట్టేసింది. ఆయన దగ్గు మొదలైంది. అది మామూలు దగ్గు కాదు, మధ్యలో ఊపిరి తీసుకోవటానికి సందు లేని దగ్గు. నేను కదల్లేకపోయాను. వీధి తలుపు తోసుకుని కోటమ్మ వచ్చింది. కూరల సంచి విసిరేసి, చీర చెంగు చేతులకి చుట్టుకుని, మండుతున్న కుంపటి ఎత్తింది. సరిగ్గా అప్పుడే ఆయన ముసుగు తీసి ఇటు తిరిగారు. గడపలో పొగ, పొగలో కుంపటి పట్టుకుని కోటమ్మ. ఆయన చూసింది అదే.

గుంటూరు ఆసుపత్రిలో చేర్చాం. ఊపిరితిత్తులు చెడ్డాయన్నారు. ఆక్సిజన్ పెట్టారు. అక్కడి నుంచి మూలుగ ఎక్కించిన పెద్దాసుపత్రి డాక్టరుకి ట్రంక్ కాల్ చేసి మందులు రాయించుకున్నారు. అన్ని రోజులూ నేను మాట్లాడలేదు. కోటమ్మా అడగలేదు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే, తను చెయ్యలేదు కాబట్టి ఎవరు చేశారో తనకి తెలుసు. అయినా నన్నడగలేదు. ఆయన బతికితే చాలు, తర్వాత సంగతి తర్వాత అనుకుందేమో. నేనూ అదే అనుకున్నాను. బతకనీ, చెప్పేస్తాను అని దేవుడికి చెప్పుకున్నాను. అప్పటికి దేవుడు కూడా వచ్చేశాడు నాకు.

బతికారు. ముక్కుకి పెట్టిన గొట్టం తీసిన రోజు అక్కడి కుర్ర డాక్టరు మంచం దగ్గరికొచ్చి, ఇంట్లో పొగ ఎక్కడిదండీ అని అడిగాడు. నేను నోరు తెరిచే లోపు ఆయనే చెప్పారు.

"మా చెల్లెలు దిష్టి తీసిందండి. మిరపకాయలతో."

కోటమ్మ కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. "నేను కాదన్నయ్యా" అంది.

"నా కళ్ళతో చూశా. కుంపటి నీ చేతుల్లో ఉంది."

"బయటికి తీసకపోతన్నా. బజారు నుంచి అప్పుడే వచ్చా. వదినా, నువ్వు చెప్పు."

అందరూ నా వైపు చూశారు. డాక్టరు, నర్సు, మేనమామ కొడుకు, ఆయన. కోటమ్మ చూపులో బెదిరింపేమీ లేదు. సాక్ష్యం చెప్పమని అడిగిందంతే. నిజం చెప్పమంది. నేనే చేశానని చెప్పనక్కర్లేదు, కోటమ్మ కాదు అంటే చాలు. ఒక్క ముక్క. నేనేమన్నానో మీకు చెప్పాను.

"పోనీలెండి. ప్రేమ కొద్దీ చేసింది."

అట్లా అనాలని నేను ముందుగా అనుకోలేదు. ఇది సమర్థించుకోవటమా? కావచ్చు. కానీ అంత చక్కగా, అంత మెత్తగా ఎట్లా వచ్చింది? అబద్ధం చెబుతున్నప్పుడు గొంతు వణుకుతుందంటారు. నాకు వణకలేదు. పైగా నేను కోటమ్మ పక్షాన మాట్లాడుతున్నట్టే నాకనిపించింది, ఒక క్షణం నేనే నమ్మాను. కోటమ్మ నా వంక చూసింది.

"అట్లాగా, వదినా" అంది.

ఆయన మొహం ఎర్రబడింది. చేసిందిగాక అబద్ధం కూడానా అన్నారు. నా ప్రాణం పోసి నువ్వే తీద్దామనుకున్నావా అన్నారు. ఇంక నా గడప తొక్కమాక అన్నారు. దగ్గొచ్చి ఆగిపోయారు. నేను వీపు నిమిరాను. నా చెయ్యి ఆయన వీపు మీదే ఉంది, ఆయన దాన్ని పట్టుకున్నారు. ఎన్నో నెలల తర్వాత ఆయన నా చెయ్యి పట్టుకోవటం అదే. వదలాలని అనిపించలేదు. ఇది కూడా రాయాలి, లేకపోతే ఈ రాయటానికి అర్థం లేదు.

కోటమ్మ మాతోబాటు చీరాల వచ్చి తన బట్టలు సర్దుకుంది. సర్దటానికి పెద్దగా ఏమీ లేదు, అయినా చాలాసేపు పట్టింది. నాకోసమే ఆలస్యం చేసిందని ఇప్పుడు తెలుస్తోంది. నేను వంటింట్లో నీళ్ళు కాస్తున్నాను. మరిగిన నీళ్ళనే మళ్ళీ మరిగిస్తున్నాను. తను వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను వెనక్కి తిరగలేదు. వస్తానొదినా అంది. జాగ్రత్త అన్నాను.

ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్నకి ఇన్నేళ్ళలో నేను చాలా జవాబులు తయారు చేసుకున్నాను. నేనే చేశానని తెలిస్తే ఆయన నా చేతి నీళ్ళు కూడా తాగరు, అప్పుడు ఆయన్ని ఎవరు చూస్తారు అన్నది మొదటిది. చాలా ఏళ్ళు దానితో గడిపాను. అందులో కొంత నిజం కూడా ఉంది. కానీ కోటమ్మ చూసేది కదా. నాకన్నా ఓపికగా చూసేది. రెండోది, పొగ వల్లే ఊపిరితిత్తులు చెడ్డాయని ఎవరూ ఖాయంగా అనలేదు. పెద్దాసుపత్రి డాక్టరు కూడా, జ్వరం ముందే మొదలైందంటున్నారు కాబట్టి ఇన్ఫెక్షన్ అప్పటికే ఉండొచ్చు, పొగ దాన్ని ఎక్కువ చేసుండొచ్చు అన్నాడు. దాన్ని పట్టుకుని వేలాడాను. అయితే మాత్రం? పొగ తప్పు కాకపోవచ్చు. మాట తప్పే. అసలు జవాబు ఏమిటంటే, ఆయన ఒంట్లో నెత్తురంతా కోటమ్మది. నాదంటూ నాకు ఏదైనా మిగలాలనుకున్నాను. మంచిదాన్నన్న పేరు, పట్టుకున్న ఆ చెయ్యి. సిగ్గేస్తోంది.

ఆయన కోలుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఊరికి వచ్చేశాం. మళ్ళీ పొలం వెళ్ళారు. పత్తి మాత్రం మానేశారు. ఆ డాక్టర్లే ఆశ్చర్యపోయారు. చూసుకున్నది ఎవరో గానీ బాగా చూసుకున్నారు అన్నారు. చూసుకున్నాను, అది అబద్ధం కాదు.

కోటమ్మకి పుట్టిల్లు లేకుండా పోయింది. మా అత్తమామలు పోయాక ఆమెకి పుట్టిల్లంటే మా ఇల్లే. మాట కాదని వెళ్ళినందుకు ఆమె మొగుడు ఎత్తిపొడుస్తూనే ఉండేవాడని వినేదాన్ని. మూలుగ ఇచ్చావు, ఏం మిగిలింది, గడప తొక్కొద్దన్నాడుగా అనేవాడట. ఆడపిల్ల కాపురంలో ఏ కష్టమొచ్చినా పుట్టింటికొచ్చి పది రోజులుండి పోతుంది. తనకది లేదు. పెళ్ళిళ్ళలో కనపడితే ఆయన ఇటు కూర్చుంటే తను అటు కూర్చునేది. నాతో మాట్లాడేది. అందరిముందూ, బాగున్నావా వదినా అనేది. అంతకన్నా శిక్ష ఇంకోటి ఉంటుందా? ఉంటుందిలెండి, నేను దానికి కూడా అలవాటు పడ్డాను.

ఒకసారి ఆయనకి తెలియకుండా చుట్టాలావిడ చేత పసుపు కుంకుమ, చీర పంపాను. పుట్టింటి చీర అని చెప్పమన్నాను. పసుపు కుంకుమ ఉంచుకుని చీర తిప్పి పంపింది. మడత కూడా విప్పలేదు. అన్నయ్య పంపితే కట్టుకుంటానని చెప్పమందట. ఇంకోసారి, చెప్పేద్దామని బయల్దేరి కనిగిరి దాకా వెళ్ళాను. అక్కడ వాళ్ళ ఊరి బస్సు నిలబడి ఉంది. కండక్టరు రండమ్మా రండి అని పిలిచాడు కూడా. బల్ల మీద కూర్చుని అది వెళ్ళిపోయేదాకా చూసి తిరిగి వచ్చాను. ఎక్కడికెళ్ళావంటే గుడికి అన్నాను. ఇట్లాంటివి చిన్న అబద్ధాలు, వాటికి నాకిప్పుడు శ్రమ కూడా ఉండదు.

మొన్న వానాకాలంలో కోటమ్మ పోయింది. గుండె అన్నారు. పొలంలో కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. కబురు రాగానే ఆయన చొక్కా వేసుకున్నారు. నన్ను రమ్మనలేదు, నేను వస్తాననలేదు. మోకాళ్ళు నొప్పులన్నాను.

మర్నాడు వచ్చారు. చావింటి నుంచి వచ్చారు కాబట్టి పెరట్లోనే స్నానానికి నీళ్ళు తోడాను. నీళ్ళు పోస్తున్నాను. ఆయన ముసలివారైపోయారు, వీపు మీద ఎముకలు లెక్కపెట్టొచ్చు. చెంబు మధ్యలో ఆపమని చెయ్యెత్తారు. ఆయన ఏడుస్తున్నారు. నీళ్ళు కారుతున్నాయి కాబట్టి మొదట నాకు తెలియలేదు.

"చివరిదాకా ఒప్పుకోలేదు చూడు" అన్నారు. "తప్పయింది అన్నయ్యా అని ఒక్కసారి అనుంటే, నేనే వెళ్ళి తెచ్చుకునేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు ఆ ఒక్క మాట కోసం చూశానే."

నేను చెంబు పట్టుకుని నిలబడ్డాను. ఆయన నా వైపు తిరిగారు. అప్పుడు చెప్పవచ్చు. ఇంకెవరూ లేరు, పెరట్లో మేమిద్దరమే. ఆయన కోటమ్మ నోటి నుంచి వినాలని చూసిన మాట నా నోట్లో ఉంది, ముప్ఫై ఏళ్ళుగా నా నోట్లోనే ఉంది. ఆ మాట చెబితే ఆయన నన్నేం చేస్తారని కాదు నా భయం. ఈ వయసులో నన్నేం చేస్తారు? ఆయన్ని ఆయన ఏం చేసుకుంటారని. చెల్లెలు చెప్పింది నిజం, తాను నమ్మలేదు, గడప తొక్కొద్దన్నది తానే. దాన్ని మోసే ఒళ్ళు కాదది. ఇది జాలా? మళ్ళీ ఇంకో సాకా? నాకు నిజంగా తెలియటం లేదు. నేను చెప్పుకునే ప్రతి కారణమూ ఎదుటివాళ్ళ మేలు కోసమే ఉన్నట్టు కనిపిస్తుంది, అదే నాకు అనుమానం.

నీళ్ళు చల్లారుతున్నాయి, కానివ్వండి అన్నాను.

ఆయనకి చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వను, నా మాట ఎట్లాంటిదో మీరు చూశారు. నన్ను క్షమించటం మీ చేతుల్లో లేదు. క్షమించగలిగినది మెట్ట పొలంలో మట్టయిపోయింది. మరి ఎందుకు రాశావంటారా? ఇప్పుడు రాయబోయే వాక్యం ఎక్కడో ఒకచోట ఉండాలని. ఇంతవరకూ అది కోటమ్మ ఒక్కదాని నోట్లోనే ఉండేది, దాన్ని ఎవరూ నమ్మలేదు, ఇప్పుడా నోరు కూడా లేదు. రాస్తుంటే మెడ కింద కొంచెం తేలికవుతోంది. ఆ తేలిక నాకు రావాల్సింది కాదు, అయినా వస్తోంది.

దిష్టి తీసింది నేను. కోటమ్మ కాదు. ఆ రోజు ఆమె నిజం చెప్పింది.